అకామా గడువు దాటితే: ఎవరు కట్టాలి, ఎక్కడ అడగాలి

గల్ఫ్ కార్మికులకు, ఊళ్లో ఉన్న వాళ్ల కుటుంబాలకు సమాచార పాఠం

ప్రవాసీ సంక్షేమ పథకాల గురించి ఫోన్ చేసే అక్కలు, చెల్లెళ్లు మొదట ఎక్స్‌గ్రేషియా సంగతే అడుగుతారు. ఇంకో రెండు మాటలు మాట్లాడితే అసలు బాధ బయటికొస్తుంది. "సార్, మా ఆయన అకామా అయిపోయి ఎనిమిది నెలలైంది. కంపెనీ చేస్తలేదు. రూమ్ దాటి బయటికి పోవాలంటే భయపడుతుండు. ఇప్పుడు మేమేం చెయ్యాలె?" జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లో ఈ ప్రశ్న వినని ఊరు తక్కువ.

జవాబులో సగం సౌదీలో ఉంది, సగం మన ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాల్లో ఉంది. సౌదీ నిబంధనలు కొంచెం చిక్కుగా ఉంటాయి కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం వాటికే ఇచ్చాం. యూఏఈ, కువైట్, ఖతార్ సంగతి చివర్లో క్లుప్తంగా ఉంది.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. అకామా రెన్యూవల్ చేయించడం, దాని ఫీజు కట్టడం కంపెనీ బాధ్యత. కార్మికుడు చేయాల్సింది వేరే ఉంది. తన గడువు తేదీ తనకు తెలిసి ఉండాలి. ముందే అడగాలి. అడిగినట్టు రుజువు దాచుకోవాలి. గడువు దాటితే పారిపోకుండా, అక్కడి చట్టం చూపించిన దారిలోనే కదలాలి.

వీసా, అకామా ఒకటి కాదు

మనవాళ్లు "వీసా అయిపోయింది" అని చెప్పేది చాలాసార్లు అకామా గురించే. వీసా అనేది దేశంలోకి అడుగుపెట్టడానికి. సౌదీలో దిగిన 90 రోజుల్లోపు కంపెనీ మెడికల్ చేయించి, ఇన్సూరెన్స్ తీసి, అకామా చేయించాలి. అకామా నంబర్ 2తో మొదలయ్యే పది అంకెల నంబర్. అది వచ్చిన రోజే ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి.

అకామా వెనక ఇంకో అనుమతి ఉంటుంది. అది లేబర్ శాఖ ఇచ్చే వర్క్ పర్మిట్. మనవాళ్ల మాటల్లో మక్తబ్ అమల్. ముందు ఇది రెన్యూవల్ కావాలి, ఆ తర్వాతే జవాజాత్ అకామా రెన్యూవల్ చేస్తుంది. "అకామా పైసలు కట్టినం, జవాజాత్‌లో ఆగింది" అని కంపెనీ మందూబ్ చెబితే ఒక్క ప్రశ్న అడగండి: మక్తబ్ అమల్ కట్టారా? చాలాసార్లు ఆగింది అక్కడే.

కార్డు చూస్తే తేదీ దొరకదు

ఇది చాలామందికి తెలియని విషయం. 2015 నుంచి సౌదీలో ఇచ్చే ముఖీమ్ కార్డు అయిదేళ్లు వాడుకునే ప్లాస్టిక్ కార్డు. అకామా గడువు మాత్రం కంప్యూటర్‌లో మారుతూ ఉంటుంది. జేబులో కార్డు కొత్తగానే ఉంటుంది, గడువు మాత్రం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. చెకింగ్‌లో పోలీసు మెషిన్‌లో నంబర్ కొట్టిన రోజు తెలుస్తుంది.

ఇంకొకటి. 2021 చివరి నుంచి కంపెనీలు అకామాను సంవత్సరానికే కాకుండా మూడు నెలలకు, ఆరు నెలలకు, తొమ్మిది నెలలకు కూడా రెన్యూవల్ చేయించుకోవచ్చు. ఒకేసారి పెద్ద మొత్తం కట్టే పని లేదని కంపెనీలకు ఇది సుఖంగా ఉంది. కార్మికుడు మాత్రం "మొన్ననే అయింది కదా, ఇంకో ఏడాది దాకా ఫికర్ లేదు" అనుకుంటాడు. అయింది మూడు నెలలకే. నాలుగో నెలలో దొరికిపోతాడు.

కాబట్టి ఫోన్‌లో అబ్‌షెర్ యాప్ ఉండాల్సిందే. అందులో మీ పేరు మీద ఉన్న అకామా గడువు కనిపిస్తుంది. రిజిస్టర్ చేసుకోవడానికి మీ పేరు మీద తీసుకున్న సిమ్ కావాలి. దోస్తు పేరు మీద ఉన్న సిమ్ పనికిరాదు. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. "నేను చూసుకుంటా" అని క్యాంపులో ఒక్కడే పదిమంది అబ్‌షెర్‌లు నడిపించడం మంచి పద్ధతి కాదు. అబ్‌షెర్ చేతిలో ఉంటే మీ పేరు మీద ఎన్నో పనులు చేయొచ్చు.

తేదీ హిజ్రీలో కనిపిస్తే ఇంగ్లీష్ తేదీకి మార్చి రాసుకోండి. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండర్ సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అంచనాగా లెక్కేసుకుంటే ఆ పదకొండు రోజుల్లోనే ఇరుక్కుంటారు. రాసుకున్న తేదీ ఇంటికి కూడా పంపండి. ఇక్కడ గోడ మీద క్యాలెండర్‌లో మీ అమ్మో, మీ ఇంటామెో ఆ తేదీకి మూడు నెలల ముందు ఒక గుర్తు పెట్టుకుంటారు. గ్యాస్ సిలిండర్ తేదీ రాసుకున్నట్టే ఇది కూడా.

కంపెనీ ఎందుకు నాన్చుతుంది?

లెక్క చూస్తే అర్థమవుతుంది. సౌదీలో ప్రైవేటు కంపెనీలో పనిచేసే విదేశీ కార్మికుడి మీద నెలకు 800 రియాళ్ల లెవీ ఉంది. కంపెనీలో సౌదీవాళ్ల సంఖ్య విదేశీయులకు సమానంగానో ఎక్కువగానో ఉంటే 700. అంటే ఏడాదికి 9,600 రియాళ్లు. దానికి వర్క్ పర్మిట్ ఫీజు 100, అకామా ఫీజు 650 కలిపితే 10,350. ఇన్సూరెన్స్ వేరే. మన రూపాయల్లో రెండు లక్షలు దాటుతుంది.

నెలకు 1,200 రియాళ్ల జీతం ఉన్న లేబర్ ఏడాదికి సంపాదించేది 14,400. అతని మీద కంపెనీ ప్రభుత్వానికి కట్టాల్సింది 10,350. చేతిలో కాంట్రాక్టు పనులు లేని కంపెనీ, బిల్లులు రాని సబ్ కాంట్రాక్టర్ మొదట ఆపేది ఇదే. ఇండస్ట్రియల్ లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీలకు ఈ లెవీ మినహాయింపు ఉంది. ఇంటి డ్రైవర్లు, ఇంట్లో పనిచేసేవాళ్ల లెక్క వేరు, వాళ్ల అకామా ఫీజు ఏడాదికి 600 రియాళ్లు. కాబట్టి "ఇంటి డ్రైవర్ అకామాకు పదివేల రియాళ్లు అడుగుతున్నరు" అని ఎవరైనా చెబితే ఎక్కడో మోసం ఉందని అనుమానించండి.

కంపెనీ కష్టం కంపెనీదే. సౌదీ కార్మిక చట్టం 40వ ఆర్టికల్ సూటిగా చెబుతుంది: రిక్రూట్‌మెంట్ ఫీజు, అకామా, వర్క్ పర్మిట్, వాటి రెన్యూవల్, ఆలస్యమైతే పడే జరిమానా, ఎగ్జిట్ రీఎంట్రీ ఫీజు, పని ఒప్పందం ముగిశాక ఇంటికి వచ్చే టికెట్, ఇవన్నీ యజమాని ఖర్చే. జీతంలోంచి నెలనెలా అకామా కోసం కోత పెడితే అది ఈ చట్టానికి విరుద్ధం. చిన్న కంపెనీల్లో కొందరు మనవాళ్లు "సగం నేను కడ్తా, సగం నువ్వు కట్టు" అని ఒప్పందం చేసుకుంటారు. ఉద్యోగం పోతుందన్న భయంతో చేసేదే, తప్పు పట్టలేం. అయినా అలా కట్టేవాళ్లు చేతికి నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపాలి. రేపు అడగడానికి ఆధారం ఉంటుంది.

మూడు నెలల ముందు

గడువుకు 90 రోజులు ఉన్నప్పుడే కదలాలి. మొదట చూసుకోవాల్సింది పాస్‌పోర్టు. పాస్‌పోర్టు గడువు అయిపోతే కంపెనీ కట్టడానికి సిద్ధంగా ఉన్నా అకామా పని ముందుకు పోదు. మన పాస్‌పోర్టును గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యూవల్ చేసుకోవచ్చు, అక్కడి నుంచే ఎంబసీ ద్వారా చేసుకోవచ్చు. కొత్త పాస్‌పోర్టు వచ్చాక ఇంకో పని మిగిలి ఉంటుంది: పాత నంబర్ తీసి కొత్త నంబర్ జవాజాత్ రికార్డులో ఎక్కించాలి. దీన్నే నఖల్ మాలుమాత్ అంటారు. ఇది చేయించకపోతే సెలవు మీద బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టులో నిలబెట్టేస్తారు.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉందా? సౌదీలో కార్మికుడి పాస్‌పోర్టును యజమాని ఉంచుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఇచ్చే పరిస్థితి లేకపోయినా కనీసం మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ ఫొటోలు మీ దగ్గర, ఇంటి దగ్గర ఉండాలి.

తర్వాత అడగడం. నోటితో అడిగితే నోటితోనే పోతుంది. కంపెనీ హెచ్‌ఆర్‌కో, మందూబ్‌కో, ముదీర్‌కో వాట్సాప్‌లో ఒక చిన్న మెసేజ్ పంపండి: "నా అకామా నంబర్ ఇది, గడువు ఫలానా తేదీ, రెన్యూవల్ చేయండి." హిందీలో రాసినా, ఇంగ్లీష్‌లో రాసినా, ఫోన్‌లో అరబ్బీకి మార్చి పంపినా పర్వాలేదు. మర్యాదగా రాయండి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంటికి పంపండి. పదిహేను రోజులకోసారి మళ్లీ అడగండి. రేపు మక్తబ్ అమల్‌లో ఫిర్యాదు చేయాల్సి వస్తే "నేను అడిగాను, వాళ్లు చేయలేదు" అని చెప్పడానికి ఇదే సాక్ష్యం.

మందూబ్ తిరిగి ఒక స్క్రీన్‌షాట్ పంపి "అయిపోయింది భాయ్" అంటే నమ్మి కూర్చోవద్దు. మీ అబ్‌షెర్‌లో తేదీ మారిందా లేదా అదే లెక్క.

గడువు దాటింది, ఇప్పుడేంటి?

మొదటిసారి ఆలస్యమైతే 500 రియాళ్లు, రెండోసారి 1,000 రియాళ్ల జరిమానా. మూడోసారి అయితే దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు. జరిమానా కంపెనీ కట్టాలని పైనే చెప్పుకున్నాం. అసలు దెబ్బ జరిమానాతో కాదు. అకామా లేకపోతే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, ఇంటికి పైసలు పంపలేరు. ఇన్సూరెన్స్ ఉండదు కాబట్టి జ్వరమొచ్చినా పెద్ద ఆసుపత్రికి పోలేరు. ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టరు. ఇక్కడ తండ్రి పోయినా, బిడ్డ పెళ్లి పెట్టుకున్నా రాలేని పరిస్థితి. మన జిల్లాల్లో తండ్రి చితికి నిప్పు పెట్టే కొడుకు వీడియో కాల్‌లో ఏడ్చిన ఇళ్లు ఉన్నాయి. కాబట్టి "పని దొరుకుతుంది కదా, అకామా ఎందుకు" అని సంవత్సరాలు గడపడం మంచిది కాదు.

ఇక్కడి నుంచి దారులు మూడు. ఒకటి, కంపెనీ జరిమానా కట్టి రెన్యూవల్ చేయడం. ఇదే అన్నిటికన్నా తేలిక. కంపెనీ నడుస్తూ ఉంటే, జీతాలు ఇస్తూ ఉంటే, ముందు దీనికే ప్రయత్నించండి.

రెండోది కంపెనీ మారడం, అంటే తనాజుల్. దీని గురించి కాస్త నెమ్మదిగా చదవండి. ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇప్పటికీ కఫీల్ సంతకం లేకుండా కంపెనీ మారలేమనే నమ్మకం ఉంది. 2021 మార్చి 14 నుంచి సౌదీలో నిబంధన మారింది. కొన్ని పరిస్థితుల్లో పాత కంపెనీ ఒప్పుకోకపోయినా కార్మికుడు కొత్త కంపెనీకి మారవచ్చు. ఆ పరిస్థితుల్లో ఒకటి సరిగ్గా ఇదే: అకామా గానీ, వర్క్ పర్మిట్ గానీ గడువు ముగిసి ఉండటం. వరుసగా మూడు నెలలు జీతం రాకపోవడం, దేశంలోకి వచ్చిన మూడు నెలల్లో ఉద్యోగ ఒప్పందాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేయకపోవడం, యజమాని చనిపోవడం లేదా జైల్లో ఉండటం కూడా అదే జాబితాలో ఉన్నాయి.

అంటే ఏ గడువు దాటిందని మీరు భయపడుతున్నారో, ఆ గడువే మీకు కంపెనీ మారే హక్కు ఇస్తోంది. రూమ్‌లో దాక్కుంటే ఆ హక్కు వాడుకోలేరు.

ఎలా చేయాలి? పనిచేయడానికి ఒప్పుకున్న కొత్త కంపెనీ ముందు దొరకాలి. ఆ కంపెనీ ఖివా అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ అకామా నంబర్ మీద ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ పెడుతుంది. మీరు మీ ఖివా అకౌంట్‌లోకి వెళ్లి కొత్త ఒప్పందంలో జీతం, పని, గడువు చూసుకుని ఒప్పుకోవాలి. ఒప్పందం అరబ్బీలో ఉంటే ఒప్పుకునే ముందు చదివించుకోండి. ఖివాలో ఒప్పుకోకుండానే "నా దగ్గర పని మొదలుపెట్టు, కాగితాలు తర్వాత చూద్దాం" అనే కొత్త ముదీర్ దగ్గరికి పోవద్దు. కాగితం మీద ఒక కంపెనీ, పని ఇంకో చోట అయితే అది వేరే నేరం, దొరికితే మీకూ శిక్ష ఉంటుంది.

ఈ వెసులుబాటు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, గొర్రెల కాపర్లు, తోటమాలులకు ఇది వర్తించదు. వాళ్ల నిబంధనలు ముసానెద్ వ్యవస్థ కింద వేరుగా ఉంటాయి. ఎడారిలో ఒంటెల దగ్గర ఉన్న తమ్ముడికి ఖివా గురించి చెప్పి ఆశ పెట్టకండి. అతని విషయం నేరుగా ఎంబసీకి తీసుకుపోవాలి.

మూడోది ఫైనల్ ఎగ్జిట్, ఖురూజ్. ఇంక ఉండలేం, ఇంటికి వచ్చేద్దాం అనుకుంటే, కంపెనీ ఎగ్జిట్ కొట్టకపోతే, రియాద్‌లోని మన ఎంబసీలో గానీ జెద్దా కాన్సులేట్‌లో గానీ పేరు నమోదు చేసుకోవచ్చు. రియాద్, దమ్మామ్, జుబైల్, ఖసీమ్, హాయిల్ వైపు ఉన్నవాళ్లు రియాద్ ఎంబసీకి, జెద్దా, మక్కా, మదీనా, యాన్బూ, తబూక్, అభా, జీజాన్ వైపు ఉన్నవాళ్లు జెద్దా కాన్సులేట్‌కు వెళ్లాలి. అకామా గడువు దాటినవాళ్లు, హురూబ్ పడినవాళ్ల దరఖాస్తులను ఎంబసీ అక్కడి లేబర్ ఆఫీసుకు పంపుతుంది. పాస్‌పోర్టు పోయి ఉంటే ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే.

బాకీ జీతాలుంటే ఎగ్జిట్‌కు ముందే ఫిర్యాదు పెట్టండి. సౌదీ మానవ వనరుల శాఖలో ముందు రాజీ ప్రయత్నం ఉంటుంది. దానికి 21 పని దినాల గడువు. కుదరకపోతే కేసు లేబర్ కోర్టుకు పోతుంది. పని మానేసిన ఏడాదిలోపే కేసు వేయాలి, ఆ తర్వాత వినరు. "ముందు ఇంటికి పో, పైసలు పంపిస్తం" అనే మాట మీద ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి వచ్చినవాళ్లకు ఇక్కడి నుంచి ఆ పైసలు రాబట్టడం చాలా కష్టం.

హురూబ్, కల్లివెల్లి

గడువు దాటిన కార్మికుడు చేసే పెద్ద పొరపాటు రాత్రికి రాత్రి క్యాంపు విడిచి వెళ్లిపోవడం. అప్పటిదాకా తప్పు కంపెనీది. వెళ్లిపోయిన మర్నాడు కంపెనీ "పనికి రావడం లేదు" అని రిపోర్టు పెడితే, అంటే హురూబ్ కొడితే, తప్పు మీ మీదికి వస్తుంది. 2022 అక్టోబర్ నుంచి కంపెనీ ఉద్యోగులకు ఇందులో 60 రోజుల వ్యవధి ఇచ్చారు. ఆ రోజుల్లో కొత్త కంపెనీకి మారవచ్చు లేదా ఫైనల్ ఎగ్జిట్ తీసుకోవచ్చు. అది దాటితే పూర్తిగా పరారీ కింద రికార్డు అవుతుంది. అందుకే వారానికోసారి అబ్‌షెర్‌లో, ఖివాలో మీ స్టేటస్ చూసుకోండి. 60 రోజుల్లో యాభై రోజులు తెలియకుండానే గడిచిపోయిన కేసులే ఎక్కువ.

కల్లివెల్లి అయినవాళ్లు కొన్నాళ్లు మంచిగానే సంపాదిస్తారు. రోజు కూలి ఎక్కువ, అడిగేవాడు లేడు. కానీ మేస్త్రీ పైసలు ఎగ్గొడితే ఫిర్యాదు చేయలేరు, మూడో అంతస్తు మీది నుంచి పడితే ఏ కంపెనీ బాధ్యత తీసుకోదు. దొరికితే తర్హీల్‌లో వేసి వేలిముద్రలు తీసుకుని పంపుతారు, మళ్లీ రావడానికి నిషేధం పడుతుంది.

ఇక్కడే ఆజాద్ వీసా గురించి కూడా చెప్పాలి. చట్టంలో ఆజాద్ వీసా అనేది లేదు. ఉన్నది ఒక కఫీల్ పేరు మీద ఒక ఉద్యోగం. ఆ కఫీల్ దగ్గర పనిచేయకుండా బయట చేసుకోవడానికి అతనికి కట్టే మామూలునే ఏజెంట్లు ఆజాద్ వీసా అని లక్షలకు అమ్ముతున్నారు. దాని మీద పోయినవాళ్లు అకామా లెవీ తామే కడతారు. కట్టలేని ఏడాది అకామా పోతుంది. కఫీల్‌కు కోపమొస్తే హురూబ్. ఊళ్లో ఎవరైనా "మనోడే, ఆజాద్ వీసా ఇప్పిస్తా" అంటే, ఏడాదికి పదివేల రియాళ్ల లెవీ ఎవరు కడతారో అందరి ముందు అడగండి. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పే ఏజెంటును మేమైతే ఇంతవరకు చూడలేదు.

సెలవు మీద ఊళ్లో ఉండగా

ఎగ్జిట్ రీఎంట్రీ మీద వచ్చి, ఇక్కడ జబ్బు పడో, పొలం గొడవలోనో ఆగిపోతే కంగారుపడి కొత్త వీసా కోసం ఏజెంటు దగ్గరికి పరుగెత్తకండి. మీరు సౌదీ బయట ఉన్నా కంపెనీ మీ అకామాను రెన్యూవల్ చేయవచ్చు, రీఎంట్రీ గడువును పొడిగించవచ్చు. ఆ పని ఆన్‌లైన్‌లోనే అవుతుంది. గడువు అయిపోకముందే కంపెనీకి ఆసుపత్రి కాగితాలు పంపి అడగండి. రీఎంట్రీ మీద వచ్చి తిరిగి పోనివాళ్లకు ఇదివరకు మూడేళ్ల నిషేధం ఉండేది, 2024 జనవరిలో దాన్ని ఎత్తేశారు. పాత నిషేధం భయంతో ఆగిపోయినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు, వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

యూఏఈ, కువైట్, ఖతార్ నుంచి వచ్చినవాళ్లు ఆరు నెలల లెక్క మరవద్దు. దేశం బయట ఆరు నెలలు దాటితే మామూలుగా రెసిడెన్సీ రద్దవుతుంది.

మిగతా దేశాల్లో

యూఏఈలో వర్క్ పర్మిట్ రెండేళ్లకు ఇస్తారు. రిక్రూట్‌మెంట్ ఖర్చులు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదని అక్కడి 2021 కార్మిక చట్టం చెబుతుంది. రెసిడెన్స్ వీసా గడువు తీరాక కొంత గ్రేస్ కాలం ఉంటుంది. అది వీసా రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి పక్క బెడ్‌వాడికి ఎన్ని రోజులిచ్చారో మీకూ అంతే అనుకోవద్దు. గ్రేస్ దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. ఏడాది ఆగితే 18,250 దిర్హమ్‌లు. దుబాయ్‌లో ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 800 46342. ఇది యూఏఈలోనే కలుస్తుంది.

కువైట్‌లో 2025 జనవరి నుంచి జరిమానాలు పెరిగాయి. రెసిడెన్సీ గడువు దాటితే మొదటి నెల రోజుకు 2 దినార్లు, ఆ తర్వాత రోజుకు 4 దినార్లు, మొత్తం 1,200 దినార్ల దాకా. అక్కడ కంపెనీ వీసా 18వ నంబర్, ఇంటి పని వీసా 20వ నంబర్. రెండింటి నిబంధనలు వేరు. ఖతార్‌లో ఐడీ గడువు ముగిశాక 90 రోజుల్లో కంపెనీ రెన్యూవల్ చేయాలి, దాటితే రోజుకు 10 రియాళ్లు.

"ఎప్పుడో ఒకసారి క్షమాభిక్ష పెడతారు, అప్పుడు వస్తా" అని ఎదురుచూసేవాళ్లు అన్ని దేశాల్లో ఉన్నారు. యూఏఈ 2018లో పెట్టింది, మళ్లీ 2024లో పెట్టింది. మధ్యలో ఆరేళ్లు. సౌదీలో 2013లో, 2017లో వచ్చాయి. ఎప్పుడొస్తుందో తెలియనిదాన్ని నమ్ముకుని పిల్లల చదువు, తల్లిదండ్రుల వైద్యం ఆపుకోలేం. వచ్చినప్పుడు మాత్రం మొదటి వారంలోనే వెళ్లండి, చివరి వారంలో ఎంబసీ ముందు లైన్లు మీకు తెలిసినవే.

ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని

అక్కడి మనిషి ఫోన్ పోవచ్చు, పోలీసులు తీసుకోవచ్చు. అప్పుడు ఇక్కడ ఉన్న కాగితాలే ఆధారం. ఒక ఫైల్‌లో పాస్‌పోర్టు జిరాక్స్, అకామా ఫొటో, వీసా కాపీ, ఉద్యోగ ఒప్పందం, కంపెనీ పేరు అరబ్బీలో, ఇంగ్లీష్‌లో, ముదీర్ ఫోన్ నంబర్, క్యాంపు లొకేషన్, జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లు పెట్టుకోండి. క్యాంపు మారినప్పుడల్లా లొకేషన్ కొత్తగా తెప్పించుకోండి.

కంపెనీ వినకపోతే కేంద్ర విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడి మనిషే చేయాలని లేదు, ఇక్కడి నుంచి భార్య గానీ, తండ్రి గానీ, అన్నదమ్ములు గానీ చేయవచ్చు. పాస్‌పోర్టు నంబర్ ఉండాలి. ఫిర్యాదులో బాధంతా రాయకండి, తేదీలు రాయండి: ఎప్పుడు వెళ్లారు, అకామా ఎప్పుడు అయిపోయింది, కంపెనీని ఎన్నిసార్లు అడిగారు, జీతం ఎన్ని నెలలది రాలేదు, ఇప్పుడు కావాల్సింది రెన్యూవలా, ట్రాన్స్‌ఫరా, ఇంటికి రావడమా. చివరి ముక్క చాలా ముఖ్యం. ఏం కావాలో రాయని ఫిర్యాదు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. భారత్‌లో నుంచి సలహా కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 1800 11 3090.

హైదరాబాద్ వెళ్లగలిగినవాళ్లు బేగంపేట ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్‌లో దరఖాస్తు ఇవ్వవచ్చు. ఇది 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. వెళ్లలేనివాళ్లు మీ జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలోనే ఇవ్వండి, రసీదు నంబర్ తీసుకోండి.

ఇన్సూరెన్స్ ఒకటి మరిచిపోతున్నాం. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లందరికీ వెళ్లేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీస్తారు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, దాని మీద పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. కంపెనీ మారినా పాలసీ చెల్లుతుంది. కానీ రెండు మూడేళ్లయ్యాక దాన్ని రెన్యూవల్ చేసేవాళ్లు తక్కువ. ఆన్‌లైన్‌లో ఇక్కడి నుంచే చేయవచ్చు. అకామా తేదీ రాసిన క్యాలెండర్‌లోనే ఈ పాలసీ తేదీ కూడా రాయండి.

తెలంగాణ ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా దీనికి వేరు. 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయిన రాష్ట్ర కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌తో పాటు ఇరాక్ కూడా ఇందులో ఉంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు ఇవ్వాలి. మరణ ధ్రువీకరణ పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, అక్కడ పనిచేసినట్టు రుజువు, వారసుల బ్యాంకు ఖాతా వివరాలు కావాలి. ఆలస్యం చేయకుండా ఇవ్వండి. పనిచేసినట్టు రుజువు అంటే చాలా ఇళ్లలో వెతుకులాట మొదలవుతుంది. కల్లివెల్లిగా ఉండి పోయినవాళ్ల ఇళ్లలో ఇంకా ఎక్కువ. అకామా పాత ఫొటో అయినా, వీసా కాపీ అయినా ఆ ఫైల్‌లో ఉంటే ఆ రోజు మీకు తిరుగుడు తగ్గుతుంది.

కలెక్టరేట్‌కు వచ్చేటప్పుడు ఫైల్‌లోని ప్రతి కాగితానికి రెండు జిరాక్స్‌లు, దరఖాస్తు పెట్టేవారి ఆధార్, అక్కడి మనిషి ప్రస్తుతం వాడుతున్న ఫోన్ నంబర్ తెచ్చుకోండి. ఉదయం పదిన్నరకే వస్తే అదే రోజు పని అవుతుంది.